ఎనిమిది వేల అడుగులు

ఆ సోమవారం టైమ్‌కీపర్ పెట్టుకున్న పని ఒక్కటే: ఎనిమిదింటికల్లా బస్సు డిపోకి చేరి, కుర్చీలో కూలబడి, సాయంత్రం దాకా లేవకుండా ఉండడం. ఇరవై రెండేళ్లు కండక్టరుగా నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాక, 'ఎక్కువసేపు నిలబడరాదు, నడవరాదు' అని డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని కాళ్లావేళ్లా పడి సంపాదించిన కుర్చీ అది. దొరికి ఆరు నెలలైంది. దాని మీద ఎంతమంది కన్నుందో ఆయనకి తెలుసు. అది పోతే మళ్లీ బస్సులో నిలబడడమే.

నడక కావలసింది ఆయనకి కాదు, పదిహేనేళ్ల కూతురికి. సెలవులిచ్చింది మొదలు పిల్ల మంచం దిగితే ఒట్టు. పిల్లల్ని నడిపించే యాప్ ఒకటుందని, పెట్టినన్ని అడుగులు పూర్తయ్యేదాకా ఫోను తెరుచుకోనివ్వదని ఎవరో చెబితే, ఆదివారం సాయంత్రం రెండు ఫోన్లూ కూతురి చేతికే ఇచ్చాడు.

"నాకివన్నీ తెలీవుగానీ తల్లీ, నువ్వే పెట్టెయ్. రోజుకి ఎనిమిది వేలు."

పిల్ల గొణక్కుండా పెట్టింది. అప్పుడైనా అనుమానం రావలసింది. మనిషి అలిసిపోయి ఉన్నాడు, రాలేదు.

సోమవారం ఆయనిలా కుర్చీలో కూర్చున్నాడో లేదో ఫోను లాక్ అయిపోయింది. 'చిట్టి నేస్తమా, ఈరోజు నీ అడుగులు 212. ఇంకా 7,788 వెయ్యాలి' అంటూ తెర మీద ఓ కుందేలు గంతులేస్తోంది. ఏ బస్సు ఎవరు తియ్యాలో చెప్పే డ్యూటీ చార్టు పోయిన నెల నుంచి కాగితం మీద రావడం మానేసి, ఆ ఫోనులోకే వస్తోంది. చార్టు లేనిదే డిపోలో చక్రం తిరగదు. ఇప్పుడు ఆ ఫోను నుంచి ఒక్కరికే కాల్ వెళ్తుంది, గార్డియన్‌కి. నొక్కితే కూతురు ఎత్తింది.

"నిన్ను గార్డియన్ని ఎవరు చేశారే?"

"ఇంట్లో ఎవరు తక్కువ నడుస్తారని యాప్ అడిగింది నాన్నా. ఉన్నమాట చెప్పాను."

"చాల్లే సంబడం. ముందు తెరువు."

"ఇక్కణ్ణించి అవదు. నేను పక్కనే ఉండి వేలు పెట్టాలట. ఈలోపు నడిచెయ్ నాన్నా, అదెంతసేపని."

చేసేదేముంది. ఫోను చొక్కా జేబులో వేసుకుని, బస్సులు కడిగే చోటు నుంచి డీజిల్ బంకు దాకా, అక్కణ్ణించి గేటు దాకా తిరగడం మొదలుపెట్టాడు. ప్రతి అడుక్కీ మోకాళ్లు తిట్టిపోస్తున్నాయి. మూడో చుట్టులో డ్రైవర్లలో పెద్దవాడు ఎదురొచ్చాడు. గొంతు చూసి అందరూ హారన్ అని పిలుస్తారు.

"చార్టేది సార్?"

కన్నకూతురు ఫోనుకి తాళం వేసిందని చెప్పుకోవడానికి నోరు రాక, టైమ్‌కీపర్ ఊరికే చెయ్యెత్తి ముందుకి సాగిపోయాడు. ఎత్తిన చెయ్యి చూసి హారన్ ఇంకోటి అనుకున్నాడు.

"చూశార్రా? మోకాళ్లు లేని మనిషి మనకోసం నిరసనకి దిగాడు. మనం టీలు తాగుతూ కూర్చున్నాం."

పది నిమిషాలు తిరక్కుండా ఆయన వెనక పదిహేడుమంది డ్రైవర్లు నడుస్తున్నారు. బస్సులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎనిమిదిన్నరకి మేనేజరు గదిలోంచి బయటికొచ్చి, ఆగమంటే ఈయన ఆగకపోయేసరికి తనూ పక్కనే నడక అందుకున్నాడు.

"ఏం కావాలయ్యా నీకు?"

ఈయనకి ఊపిరి అందితేగా. వెనకనుంచి హారనే ఏకరువు పెట్టాడు: విశ్రాంతి గదికి ఫ్యాను, తాగడానికి చల్లటి నీళ్లు, మరుగుదొడ్డి తలుపుకి గడియ. తను అడగని కోరికలన్నీ టైమ్‌కీపర్ నోరు తెరుచుకుని విన్నాడు.

"బాగుంది. మధ్యాహ్నానికి నీ చేతిలో సస్పెన్షన్ కాగితం పెడతాను. ఆ కుర్చీకి మనుషులు బోలెడుమంది" అనేసి మేనేజరు వెనక్కి తిరిగాడు.

టైమ్‌కీపర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ గార్డియన్‌కి నొక్కాడు.

"తల్లీ, కుర్చీ పోయేట్టుంది. తొందరగా రా."

"మనసొప్పక ఎప్పుడో స్టాపుకొచ్చాను నాన్నా. ఒక్క బస్సూ రావట్లేదు."

"రావు. వాటి డ్రైవర్లంతా నా వెనకే ఉన్నారు."

"మరెలా?"

"నడువు."

మూడు కిలోమీటర్లు. తొమ్మిదింబావుకి కూతురు గేటు దగ్గర తేలింది. ముఖమంతా చెమట, తెగిన చెప్పు చేతిలో ఉంది. ఆ అవస్థలోనూ ఆయనకి ముచ్చటేసింది. పిల్ల నడిచింది.

ఆమె తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లింది. "సమ్మె కాదండీ. ఫోను తెరుచుకోవాలని నడుస్తున్నారు. తప్పు నాది." వేలు పెట్టి ఫోను తెరిచి, సాక్ష్యంగా అడుగుల పట్టిక చూపించింది. మేనేజరు రెండుసార్లు చదివాడు. కోపం చల్లారింది. డ్రైవర్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుని జారుకున్నారు. చార్టు వచ్చింది, బస్సులు కదిలాయి, సస్పెన్షన్ మాట ఎత్తినవాడు లేడు. టైమ్‌కీపర్ కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాడు. ఇంత సుఖం ఉంటుందని ఆయనకే తెలీదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా మేనేజరు ఉన్నాడు. చేతిలో మళ్లీ ఈయన ఫోనే ఉంది.

"గంటంబావులో ఆరు వేల తొమ్మిది వందల అడుగులు. ఆగకుండా."

"అవునండీ. మా నాన్న నాకంటే బాగా నడుస్తారు" అంది కూతురు గర్వంగా. వద్దని తండ్రి చేస్తున్న సైగలు ఆమె చూడనేలేదు.

మేనేజరు బీరువాలోంచి డాక్టరు కాగితం తీయించి, తీరిగ్గా చదువుకున్నాడు.

బుధవారం నుంచి ఆయన ఏడో నంబరు బస్సులో కండక్టరు. అడుగులు రోజుకి పదకొండు వేలు దాటుతున్నాయని, పెంపకం అంటే ఇదీ అని, యాప్ ప్రతి సాయంత్రం కూతుర్ని మెచ్చుకుంటోంది.