ఏకగ్రీవంగా ఏడ్చాం

వాచ్‌మన్ వాళ్ళ కుట్టుమిషన్ అప్పటికే గేటు దాటింది. దాని వెనకాలే చాప, రెండు బకెట్లు, గోడగడియారం వరసగా వస్తున్నాయి. సాయంత్రం ఐదింటికల్లా సెల్లార్‌లోని గది ఖాళీ చెయ్యాలని మా అపార్ట్‌మెంట్ తీర్మానం. మూడింటికే సర్దుడు మొదలైంది. ఊళ్ళో ఉన్న ఫ్లాట్ల వాళ్ళందరం బాల్కనీల్లో నిలబడి చూస్తున్నాం.

ఒక్క ఎదురుమాట లేకుండా ఒక పని ఇంత చక్కగా జరగడం చూసి నా మనసు పొంగిపోయింది. వెంటనే లోపలికొచ్చి ఈ కాలమ్ మొదలుపెట్టాను.

పాఠకులారా, ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మీకు నిద్ర లేదని తెలుసు. గెలవకూడదనుకున్నాయన గెలిచారు. ఇక ప్రజాస్వామ్యం ఉంటుందా, ఊడుతుందా అని బెంగ పెట్టుకున్నారు. ఊడనివ్వండి! ఊడితే ఏమవుతుంది? నేను చెబుతున్నాను, హాయిగా ఉంటుంది.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. ఎన్నికల నెలంతా మా బావమరిది బీపీ మాత్ర రెండు పూటలా వేసుకున్నాడు. టీవీలో నలుగురు ఒకేసారి అరుస్తుంటే, ఐదో గొంతుగా సోఫాలోంచి తను అరిచేవాడు. ఓటే లేకపోతే ఆ మాత్ర ఎందుకు?

ఎంచుకునే బాధ కూడా తప్పుతుంది. టూత్‌పేస్ట్ కొనడానికే పావుగంట పట్టే మనుషులం మనం. పధ్నాలుగు గుర్తుల్లోంచి ఒకటి ఏరుకోమనడం క్రూరత్వం కాదా? గెలిచినాయన మొదటి ప్రసంగంలోనే "ఇక మీ తరఫున నేనే ఆలోచిస్తాను" అని అభయమిచ్చారు. మా ఇంట్లో మా ఆవిడ ఇన్నేళ్ళుగా చేస్తున్న పని అదే. నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

ఇక ఎండ. పోలింగ్ రోజున నేను ముందుచూపుతో మా వాచ్‌మన్‌ని తెల్లారగట్లే పంపి, లైన్లో నాకో చోటు పట్టమన్నాను. పట్టాడు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "సార్, మన ముందు ఎనిమిది మందే ఉన్నారు, వచ్చేయండి" అన్నాడు. కర్టెన్ తీసి చూస్తే ఎండ నిప్పులు చెరుగుతోంది. నా ఒక్క ఓటుతో తలకిందులయ్యేది ఏముందిలే అని కర్టెన్ వేసేశాను. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది వరస సెలవులు కలిసొచ్చాయని కొండప్రాంతాలకు వెళ్ళారు. మిగతా సగం మందిమి ఏసీ కింద కూర్చుని దేశం గురించి తీవ్రంగా ఆందోళన చెందాం. వాచ్‌మన్ మాత్రం తన ఓటు వేసుకుని వచ్చాడు.

ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున సెల్లార్‌లో సంతాపసభ జరిగింది. సభ అంటే సెక్రటరీ గారు, రెండో అంతస్తు పళ్ళ డాక్టరు, నేను. దేశాన్ని ముంచింది ఎవరన్నది చర్చ. మేం ముగ్గురం కాదని మొదటి నిమిషంలోనే తేలిపోయింది. సరిగ్గా అప్పుడే, పక్కన కారు తుడుస్తున్న వాచ్‌మన్ ఈల వేశాడు.

"ఏమయ్యా, మంచి హుషారు మీదున్నావ్. ఓటు వేశావా?" అన్నారు సెక్రటరీ గారు.

"వేశానండి."

"ఎవరికి?"

"అది చెప్పకూడదు కదండీ," అన్నాడు గుడ్డ పిండుతూ.

"మాకు చెబితే తప్పేముంది? మేమేమన్నా బయటివాళ్ళమా?"

"మా ఆవిడకే చెప్పలేదు సార్. రెండ్రోజుల్నుంచి మూతి ముడుచుకుని కూర్చుంది."

పళ్ళ డాక్టరు నా చెవి దగ్గరికి వంగి, "దాస్తున్నాడంటే ఎవరికి వేశాడో తెలియడం లేదూ?" అన్నారు. నాకు తెలిసిపోయింది. తల ఊపాను. రహస్య ఓటు అన్న మాట మేం ముగ్గురం బడిలో చదువుకున్నాం గాని, దాన్ని ఇంత మొండిగా పాటించే మనిషిని చూడటం అదే మొదలు. సహజంగానే అనుమానం వచ్చింది.

మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద తీర్మానం వెలిసింది. "ప్రజాస్వామ్య పరిరక్షణ నిమిత్తం, విశ్వాసం కోల్పోయిన వాచ్‌మన్‌ను తొలగించడమైనది. హాజరు ఇరవై నాలుగు. ఏకగ్రీవం." చూశారా ఆ ఐకమత్యం! కొండల నుంచి ఇంకా దిగని ఐదు కుటుంబాలూ హాజరే. కింది ఫ్లాట్ పెద్దాయన పోయి రెండు నెలలైంది. ఆయన కూడా సమ్మతించారు.

ఇది ఎలా సాధ్యమంటారా? మా పద్ధతి గొప్పదండీ. సెక్రటరీ గారు ఏడాది మొదట్లో ఒక ఆదివారం మినిట్స్ రిజిస్టర్ పట్టుకుని ఇంటింటికీ వస్తారు. యాభై పేజీలు, అన్నీ ఖాళీవే. టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా అన్నింటి మీదా సంతకాలు గీకేస్తాం. ఏ గీత మీద గీకుతున్నామో కూడా చూడం. ఇక ఏడాదంతా మీటింగుల బెడద లేదు. విషయం తర్వాత ఆయనే నింపుకుంటారు. తొమ్మిదేళ్ళుగా ఆయనే సెక్రటరీ. ఎలా ఎన్నికయ్యారని అడక్కండి, అదీ ఆ పేజీల్లోనే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో గొడవ అన్నది విన్నారా ఎప్పుడైనా? దేశాన్ని కూడా ఇలాగే నడిపితే...

ఇక్కడిదాకా వచ్చేసరికి మా ఆవిడ పెన్ను లాక్కుంది.

"ఆ మనిషి మీకోసం ఎండలో లైన్లో నిలబడ్డాడు. వాళ్ళ సామాను రోడ్డున పడుతుంటే మీరు కూర్చుని వ్యాసం రాస్తారా? లేవండి. కిందికి పదండి."

ఆవిడ నా తరఫున ఆలోచిస్తుందని ముందే చెప్పాను కదా. వెళ్ళాను.

గేటు దగ్గర వాచ్‌మన్ తాళాలగుత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వడం లేదు.

"పొమ్మంటే పోతాను సార్," అంటున్నాడు సెక్రటరీ గారితో. "కొత్తచోట పని అడిగితే, పాతచోట ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు అంటారు కదా. ఎందుకో బోర్డు మీద రాశారు. ఎవరో చెప్పండి. ఆ ఒక్క పేరు చెబితే తాళాలు ఇచ్చేస్తాను."

"పేరేమిటయ్యా? అది అందరి నిర్ణయం. నేను అమలు చేసేవాణ్ణి, అంతే."

"నేను క్లినిక్‌లో ఉన్నాను," అన్నారు పళ్ళ డాక్టరు. "నా సంతకం అంటావా, అది ఎప్పటిదో."

"అందరూ పెట్టారంటే మేమూ పెట్టాం," అని నాలుగో అంతస్తు నుంచి ఒక గొంతు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఇరవై నాలుగు పిడికిళ్ళు తెరిచినా ఒక్క గింజ రాలలేదు.

వాచ్‌మన్ భార్య కుట్టుమిషన్ మీద చెయ్యి వేసుకుని మా ఆవిడ వైపు చూసింది. "ఇంతమందిలో వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరా అమ్మా?"

"వద్దని రాయడానికి ఆ పుస్తకంలో చోటుంటే కదమ్మా," అంది మా ఆవిడ.

నాకు రోషం వచ్చింది. పత్రికకు రాసేవాణ్ణి, జనం చూస్తున్నారు, ఒక ముందడుగు వెయ్యాలి.

"సెక్రటరీ గారూ, ఎవరో ఒకరు ప్రతిపాదించకుండా తీర్మానం పుడుతుందా?" అన్నాను. నా గొంతు నాకే బాగా నచ్చింది. "ఒక సంసారాన్ని వీధిలో పెట్టి ఆ పెద్దమనిషి ఇంట్లో దాక్కుంటే కుదరదు. పేరు బయటపెట్టండి."

ఆయన చంకలో ఉన్న మినిట్స్ రిజిస్టర్‌ని తీసి గుండెలకు హత్తుకున్నారు. నా వైపు చూసి కళ్ళతో ఏదో సైగ చేశారు. "ఇప్పుడెందుకు లెండి. లోపల మాట్లాడుకుందాం."

"లోపలా లేదు, బయటా లేదు. అందరికీ తెలియాల్సిందే."

బాల్కనీల్లోంచి రెండు చప్పట్లు కూడా పడ్డాయి. మా ఆవిడ రిజిస్టర్ లాగేసుకుంది. తను తెరిచి చూడలేదు. నేరుగా వాచ్‌మన్ చేతికిచ్చింది.

"నీ గురించి రాసింది నువ్వే చదువు. గట్టిగా చదువు."

అతను తాళాలు జేబులో వేసుకుని, చేతులు చొక్కాకి తుడుచుకుని పేజీ వెతికాడు. వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ తేదీ చదివాడు. విషయం చదివాడు. తన గురించి రాసిన వాక్యం కూడా తడబడకుండా చదివాడు. "ప్రతిపాదించినవారు," అన్నాడు. ఆగిపోయాడు.

వేలు అక్కడే ఉంది. పుస్తకం ముయ్యబోయాడు.

"చదవవయ్యా, ఎవరైతే నీకేం భయం?" అన్నాను. "నేనున్నాను కదా."

"ఫ్లాట్ నంబర్ మూడు వందల రెండు," అని చదివి తలెత్తాడు. "మీరే సార్."