ముసలి బండికి తొంభై ఏడు

తొమ్మిదింటికి కొండమీది స్కూల్లో పాఠం చెప్పి హెడ్మిస్ట్రెస్‌ను మెప్పిస్తే టీచరమ్మ మూడేళ్ల తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటవుతుంది. పొద్దున్నే పాఠానికని గాజు జాడీ, సైకిలు పంపు, కొవ్వొత్తులు సంచిలో సర్దుకుని తన పాత బండి తీయబోతుంటే, ఎనిమిదేళ్ల కిందట కట్టుకున్న కాంపౌండరు మొగుడు అడ్డం పడ్డాడు.

"ఇవాళ కూడా ఆ ముసలిదాని మీదేనా? నా కొత్త బండి ఎక్కు. పది నిమిషాల్లో దింపుతాను."

సగం కొండ ఎక్కేసరికి కొత్త బండిలోంచి టకటకమని చప్పుడు మొదలైంది. "నీ టిఫిను డబ్బాలో చెంచా," అని తేల్చాడు కాంపౌండరు. డబ్బాను చెప్పుల కొట్లో వదిలారు. చప్పుడు తగ్గలేదు. "అయితే ఆ జాడీయే." సంచి మందుల షాపులో చేరింది. టకటక మాత్రం వాళ్లను విడిచిపెట్టలేదు. చివరికి పంచరు షాపతను చెవి ఒగ్గి విని, "పిస్టన్ పోయింది సార్, ఇంజను దించాలి," అన్నాడు. కాంపౌండరు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

ఎనిమిదీ నలభై అయింది. చేతిలో సామాను లేదు. మూడేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. టీచరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో ఏదో తట్టింది.

"ఏవండీ, దీనికి ఏ పెట్రోలు పోయిస్తున్నారు?"

"తొంభై ఒకటి. తొంభై ఏడు నీ బండికి పోయిస్తున్నాగా. టానిక్కు కావలసింది ముసలివాళ్లకి కదా. ఇది కుర్రది, రాళ్లు తిన్నా అరాయించుకుంటుంది."

రోజూ మందులు కలిపే మనిషి బుర్ర ఇంకెలా నడుస్తుంది? టీచరమ్మకు నవ్వొచ్చింది. "పిస్టన్ నిక్షేపంలా ఉంది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి. తొమ్మిదింటికి క్లాసు కిటికీ పక్కనున్న ఎత్తు పెద్ద గేర్లో ఎక్కండి. నేను చెయ్యూపగానే కిందికెళ్లి తొంభై ఏడు పోయించుకుని మళ్లీ ఎక్కండి. ట్యాంకు ఎలాగూ అడుగంటింది," అని చెప్పి నడక అందుకుంది.

వట్టి చేతులతో వచ్చిన టీచరమ్మను చూసి హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే కిటికీ బయట టకటకమంది.

"విన్నారా పిల్లలూ? బంకులో పంపు మీద రాసే నంబరు ఆక్టేను. అది పెట్రోలు బలం కాదు, ఓపిక. ఇంజను పెట్రోలు ఆవిరిని నొక్కిపెడుతుంది. ప్లగ్గు రాజేసిన మంట తన దాకా వచ్చేవరకూ అది ఆగాలి. ఓపిక లేనిది ముందే తనంతట తాను పేలుతుంది. ఈ చప్పుడు అదే. పాత బండి మెల్లిగా నొక్కుతుంది కాబట్టి దానికి తొంభై ఒకటి చాలు. ఈ కొత్తది పీక పిసికినట్టు నొక్కుతుంది."

"మరి దీనికి తొంభై ఏడు పోస్తే, మేడం?" అడిగింది ముందు బెంచీ పిల్ల.

టీచరమ్మ కిటికీలోంచి చెయ్యూపింది. కాసేపటికి అదే ఎత్తు, అదే గేరు. ఈసారి బండి కిక్కురుమనకుండా ఎక్కింది. పిల్లలు బల్లలు అదిరేలా చరిచారు. అదంతా తనకేననుకున్న కాంపౌండరు రెండు చేతులూ ఎత్తబోయి, హ్యాండిలు గుర్తొచ్చి ఒకటే ఎత్తాడు.

హెడ్మిస్ట్రెస్ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి, "పాఠానికి ఇంత చక్కగా కుదిరే పరికరం ఎక్కడ సంపాదించావమ్మా?" అంది.

"ఇంట్లోదేనండీ," అంది టీచరమ్మ. "ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను."

బండి కొని అప్పటికి సరిగ్గా నెల.