తల్లి ఫారిన్‌లో ఉన్న పిల్లకు సపోర్ట్ దేనికి?

తల్లీబిడ్డలు తెలుగులో మాట్లాడుకోవడం వల్ల దేశానికి జరుగుతున్న నష్టాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. రోజూ సాయంత్రం అన్నం తిన్నావా, జడ ఎవరు వేశారు అని కబుర్లాడుకుంటూ కూర్చుంటే మన పిల్లలు ప్రపంచంతో పోటీ పడేది ఎప్పుడు? అందుకే మా ఊరివైపు సర్కారు బడుల్లో మొదలైన ‘ఇంటింటా ఇంగ్లీషు’ పథకానికి మస్కట్ నుంచే రెండు చేతులెత్తి దండం పెడుతున్నాను.

నా అర్హత ఏమిటని అడుగుతారేమో. నేను మస్కట్‌లోని దార్సైట్ పేటలో ఫ్లాట్ల కింద ఉన్న ఒక కిరాణా కొట్టులో బిల్లు కౌంటర్ దగ్గర కూర్చుంటాను. పల్లెటూరి బడిలో తెలుగు మీడియం చదివాను. దానివల్ల ఎంత చెడిపోయానో మీరు చూస్తూనే ఉన్నారు. ఆలోచన వస్తే తెలుగులో వస్తోంది!

పథకం చాలా తేలిక. బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. అర్థంకాని పిల్లలను గాలికి వదిలేస్తారా? ఎంత మాట! వాళ్ళకు సపోర్ట్ క్లాసు పెట్టారు. బడి వదిలాక ఒక టీచరమ్మ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, ముందు తెలుగులో విడమరిచి చెప్పి, ఆ తర్వాత నెమ్మదిగా ఇంగ్లీషు పలికించేది. పిల్లలకు అర్థమైపోతూ ఉండేది కూడా.

ఇంత బాగా నడిచే పనిని ఎవరైనా చూస్తూ ఊరుకుంటారా?

టీచరమ్మ ఒక్కరే, పిల్లలు గది నిండా ఉన్నారు. పైనుంచి ఒక సవరణ వచ్చింది. ఇంట్లో ‘ఇంగ్లీషు వాతావరణం’ ఉన్న పిల్లలకు సపోర్ట్ క్లాసు అక్కర్లేదు. ఇంటివాళ్ళే రోజూ పిల్లతో ఇంగ్లీషులో మాట్లాడి, ఆ వీడియోను బడివాళ్ళ గ్రూపులో పెట్టాలి.

మా పల్లెల్లో వాతావరణం అంటే మాకు తెలిసినవి ఎండ, వడగాలి. ఇంగ్లీషుది ఎక్కడినుంచి తెస్తారా అనుకున్నాను. హెడ్మాస్టరుగారు ఇట్టే పట్టుకున్నారు. ఎవరి అమ్మో నాన్నో ఫారిన్‌లో ఉంటే వాళ్ళింట్లో ఇంగ్లీషు ఉన్నట్టే! కువైట్ ఫారినే, మస్కట్ ఫారినే, ఫారిన్ అంటే ఇంగ్లీషే. ఒమన్‌లో జనం అరబ్బీ మాట్లాడతారన్న చిన్న విషయం కోసం ఇంత పెద్ద పథకాన్ని ఆపుతామా?

ఆ లెక్కన చూడండి, ఎంతమంది బాగుపడ్డారో! ఒమన్‌లోనే బురైమిలో మేకలు కాసే అన్నగారి పిల్లలు ఇంగ్లీషు వాతావరణంలో ఉన్నట్టు. బహ్లాలో ఖర్జూరం చెట్లెక్కే మామయ్య ఇంట్లో గ్రామరు పొంగి పొర్లుతున్నట్టు. విమానం ఎక్కేటప్పుడు రాని భాష దిగేటప్పటికి వచ్చేసి ఉంటుంది. ఆకాశంలో ఎక్కడో నేర్పిస్తారు కాబోలు!

అలా మా సుబ్బలక్ష్మక్క ఒక్క పూటలో ఇంగ్లీషు టీచరైపోయింది.

అక్కది మా కడప వైపే. ముందు బహ్లాలో ఒక ఒమనీ ఇంట్లో పనిచేసి కొంచెం అరబ్బీ నేర్చుకుంది. తర్వాత మా కొట్టు పైనున్న ఫ్లాట్లో, ఒక గోవా మేడం దగ్గర వంటపనీ ఇంటిపనీ చేసేది. కూతురు అంజలి ఊళ్ళో అవ్వ దగ్గర ఉండి అయిదో తరగతి చదువుతుండేది. మధ్యాహ్నం మేడం కునుకు తీసే వేళకు అక్క కిందికి దిగి, మా వైఫై కోసం కొట్టు మెట్టు మీద కూర్చుని కూతురికి వీడియో కాల్ చేసేది. అప్పటికి అక్కడ బడి వదిలేసేవాళ్ళు. నేను బిస్కెట్ పాకెట్లు సర్దుతుంటే ఆ మాటలు చెవిన పడేవి.

పథకం రాకముందు వాళ్ళ మాటలు ఎంత పనికిమాలినవో చెబితే మీరు నమ్మరు. అవ్వ మోకాళ్ళ నొప్పి, పక్కింటి మేక ఈనిన సంగతి, కొత్త గౌను మీద పడ్డ సిరా మరక. ఒకరోజు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అందులో ఒక్క ఇంగ్లీషు ముక్కైనా ఉందా?

పిల్లను సపోర్ట్ క్లాసు నుంచి తీసేశారని తెలియగానే అక్క హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది.

“సార్, నాకు ఇంగ్లీషు రాదు సార్. ఈడ నాకు తెలిసింది అంట్లు తోమే ఇంగ్లీషే. పాపను మళ్ళా ఆ టీచరమ్మ కాడనే కూచోబెట్టండి సార్.”

“భలేదానివమ్మా! ఫారిన్‌లో ఉండి ఇంగ్లీషు రాదంటే ఎవరు నమ్ముతారు? మాకు రానోళ్ళే శానామంది ఉండారు. నీ బిడ్డకు నువ్వుండావు కదా!”

ఫోన్ పెట్టేసి అక్క నావైపు చూసింది. “అంట్లు తోమేది నాతోనే అయిపోవల్ల మే. దానికోసమే కదా బిడ్డను ఇడిసిపెట్టి ఇంత దూరం వొచ్చింది. నాకొచ్చిన నాలుగు ముక్కలన్నా చెప్తా, ఏంజేస్తాం.”

కాల్‌ను రికార్డు చేసే పద్ధతి అక్కకు నేనే చూపించాను. ప్రభుత్వ పథకంలో నా చేయి కూడా ఉందని గర్వంగా చెప్పుకుంటున్నాను!

పాఠాలు మొదలయ్యాయి. అక్కకు వచ్చిన ఇంగ్లీషంతా గోవా మేడం నోటినుంచి వచ్చిందే. ఎలా వచ్చిందో అలాగే కూతురికి చేరింది.

“కమ్ హియర్!”

“కమింగ్ మేడం!”

“ఫ్లోర్ క్లీన్?”

“యెస్ మేడం!”

“క్విక్, క్విక్! డోంట్ టచ్!”

“సారీ మేడం!”

ప్రశ్న మేడం ఎలా అడుగుతుందో, జవాబు తను ఎలా చెబుతుందో, రెండూ అక్క ఓపికగా నేర్పింది. పిల్ల చురుకైంది. తల కొంచెం వంచి చెప్పడం కూడా పట్టేసింది. అది సిలబస్‌లో లేదు, అక్కను చూసి నేర్చుకుంది.

నిర్మల్ వైపునుంచి వచ్చి ఇక్కడ బిల్డింగు సైట్‌లో పనిచేసే పోచన్న, లబన్ మజ్జిగ పాకెట్ కోసం వచ్చి ఆ పాఠం విన్నాడు. “ఏందక్కా, బిడ్డను డ్యూటీ ఎక్కిచ్చినవా? మా ఫోర్‌మన్ గూడ అచ్చం గిట్లనే మాట్లాడ్తడు. ఓవర్‌టైం గిట్ల ఇస్తున్నవా మరి?”

“పో పోచన్నా, సదువు చెప్తాండా!” అని అక్క కసురుకుంది.

ఊళ్ళో మాత్రం మంచి పేరు వచ్చింది. గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడ్డాయి. తనిఖీకి వచ్చిన పెద్దసారు ఆ వీడియో చూసి, తడబాటు లేకుండా ఎంత మర్యాదగా మాట్లాడుతోందో అని మెచ్చుకున్నారట. మర్యాదకు ఏం తక్కువ! అంత మర్యాద మా పిల్లలకు కాక ఎవరికి వస్తుంది?

పోయిన నెల ఒక కాల్‌లో అంజలి మొహం వాడిపోయి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రికార్డు నడుస్తోంది కాబట్టి అక్క ఇంగ్లీషులోనే అడిగింది.

“వాట్ హ్యాపెండ్?”

ఆ మాట అక్కకు ఎలా వచ్చిందో నాకు తెలుసు. పైన ఏదైనా పగిలిన చప్పుడు వస్తే మేడం గదిలోంచి అడిగే మాట అది. దానికి జవాబు కూడా పిల్లకు నేర్పి ఉంది.

“నథింగ్ మేడం. సారీ మేడం.”

అక్క రికార్డు ఆపేసింది. తర్వాత చిన్నగా, “మేడం కాదు మే, అమ్మను. నాతో చెప్పు. ఏమైంది నా తల్లికి?” అంది.

అంతే, ఆ పిల్ల తెలుగులో బావురుమంది. “క్లాసులో ఏం చెప్తాండారో నాకు ఒగటీ తెలీడం ల్యా మ్మా! లెక్కలు తెలీవు, సైన్సు తెలీదు. అర్థం కాలేదంటే ఫారిన్ పాపకు అర్థం కాదా అని నగుతాండారు. టీచరమ్మ క్లాసుకు పోయి వాకిట్లో నిలబడితే, నీకు అమ్మ ఉండాది కదా, ఇంటికి పో అన్నారు. యాడుండావు మ్మా నువ్వు?”

నేను బిస్కెట్ పాకెట్లు సర్దడం ఆపేశాను.

ఆ రోజు వీడియో వెళ్ళలేదు. మరునాడు గ్రూపులో అంజలి పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. తల్లి సహకరించడం లేదట!

అక్క మళ్ళీ హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది. ఈసారి బతిమాలలేదు. ఒకే మాట అడిగింది. “నేను ఊరికొచ్చేస్తే పాపను ఆ క్లాసులోకి తీసుకుంటారా సార్?”

ఆయన కాస్త ఆలోచించి నిజాయితీగా జవాబిచ్చారు. “నువ్వు ఊళ్ళో ఉంటే ఫారిన్ కాదు కదమ్మా. తీసుకుంటాం.”

చూశారా, ఎంత దొడ్డ పథకమో! సపోర్ట్ కావాలంటే తల్లి పని మానుకుని ఇంటికి రావాలి. పిల్ల చదువు కోసం సముద్రం దాటిన తల్లి, పిల్ల చదువు కోసమే సముద్రం దాటి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఏం పని దొరుకుతుందో, ఏం తింటారో పథకంలో రాయలేదు. అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలంటే ఎలా?

అంజలి ఇప్పుడు టీచరమ్మ క్లాసులో కూర్చుంటోంది. తెలుగులో విని, ఇంగ్లీషులో పలుకుతోందట. మేడం అనే మాట మరిచిపోవడానికి మాత్రం కొంచెం కష్టపడుతోందట.

నిన్న మధ్యాహ్నం గోవా మేడం స్వయంగా కిందికి దిగి మా కొట్టుకు వచ్చింది. సుబ్బలక్ష్మక్క కూర్చునే మెట్టు ఖాళీగా ఉంది. అక్క లాంటి మనిషి ఇంకొకరు కావాలట. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా పరవాలేదు, పిలిస్తే ‘కమింగ్ మేడం’, చెబితే ‘యెస్ మేడం’, పగిలితే ‘సారీ మేడం’ అంటే చాలట.

మా ఊరివైపు బడుల్లో అలాంటివాళ్ళు చాలామంది తయారవుతున్నారని ధైర్యం చెప్పాను. కాస్త ఓపిక పట్టమన్నాను. ఇంకా అయిదో తరగతిలోనే ఉన్నారు.