జితేందర్ ఇరుకు

"నా కండ్లు గప్పి తప్పించుకునే నేరస్థుడు ఇంకా తల్లి కడుపుల నుంచి బయటికి రాలే!" అని ప్రకటించాడు డిటెక్టివ్ జితేందర్, కళ్లజోడు కోసం వ్యాను సీటు కింద తడుముకుంటూ.

"నెత్తి మీదుంది బావా," అంది స్వరూప.

"తెలుసు. నీ పరిశీలన ఎట్లుందో చూసిన."

స్వరూప కిటికీ వైపు తిరిగి పళ్లు నూరుకుంది. వనపర్తిలో జిరాక్స్ షాపు నడుపుతూ, ఖాళీ ఉన్నప్పుడల్లా, అంటే రోజంతా, అపరాధ పరిశోధన చేసే ఈ మహానుభావుడు ఆమె అక్క మొగుడు. "ఒక్క ఆదివారం వెంట తీస్కపోవే, నీకు పుణ్యముంటది. పాలు విరిగినా ఫింగర్‌ప్రింట్లు తీస్తుండు" అని అక్క బతిమాలితే, కాదనలేక ఎక్కించుకుంది.

బస్ డిపోలో డ్యూటీ చార్టులు వేసే స్వరూపకు 'పాలమూరు గుహల దోస్తులు' అనే క్లబ్బును ఒక్క వ్యానులో కుక్కడం లెక్కలోది కాదు. గద్వాలలో అయిదింటికి నలుగురు, పెబ్బేరులో ఇద్దరు, వనపర్తిలో అయిదుగురు, నాగర్‌కర్నూలులో ముగ్గురు. అసలు కష్టం టిఫిన్ ఎక్కడ చేయాలన్నది. దాని మీద గ్రూపులో నూటపన్నెండు మెసేజీలు నడిచాయి. పెబ్బేరు సంతలో కోడెల జతకు కూడా అంత బేరం జరగదు.

కానీ ఈసారి ట్రిప్పు ఆమెకు ప్రాణం. ఉప్పునుంతల అవతల గబ్బిలాల గుట్టలో వాళ్లు మూడేళ్లుగా దిగుతున్న గుహ ఒక రాళ్ల కుప్ప దగ్గర ఆగిపోతుంది. ఆ కుప్ప సందుల్లోకి గాలి పోతూ ఉంటుంది. గాలి పోతోందంటే అవతల దారి ఉన్నట్టే, ఆ దారికి గుట్ట మీద ఎక్కడో నోరు ఉన్నట్టే. స్వరూప గీసిన గుహ పటంలో ఆ చోట మూడేళ్ల నుంచి ఒక ప్రశ్నార్థకమే ఉంది. ఇవాళ లోపల ఊదుబత్తులు గుత్తులు గుత్తులుగా వెలిగించి, గుట్ట మీద ఎక్కడ వాసన వస్తుందో వెతకాలని ప్లాను. మృగశిర కార్తె ఇంకో నాలుగు రోజులే. వాన పడితే గుహలో నీళ్లు నిండి, మళ్లీ దీపావళి దాకా కాలు పెట్టలేరు.

"ఇస్రాయేలన్నా, తాడు తెచ్చినవ్ కదా?"

"అరవై మీటర్లు చెల్లె. కడిగి, నీడకు ఆరబెట్టి తెచ్చిన," అన్నాడు స్టీరింగు తిప్పుతూ ఇస్రాయేలు. పాలమూరు కూలీగా పదిహేనేళ్లు దేశమంతా తిరిగి సొరంగాలు తవ్వి, గద్వాలలో వ్యాను కొనుక్కుని స్థిరపడ్డ మనిషి. సన్నగా, తాడులాగే ఉంటాడు. "మా ఇంటామె ఏమంటది తెలుసా? జిందగీ అంత కూలికి సొరంగం తవ్వినోడివి, ఇప్పుడు సొంత డీజిల్ పోసుకొని సొరంగంల దూరుతవా అంటది."

జితేందర్ జేబులోంచి నోట్‌బుక్కు తీసి రాసుకున్నాడు: 'అనుమానితుడు ఒకటి. సొరంగాల అనుభవం ఉంది.'

"ఇంక నేరమే జరగలే కదా బావా!"

"జరుగుతది. అది నేరం అలవాటు."

దురదృష్టవశాత్తు, జరిగింది.

గుట్ట కింద మేకలు కాసే బాలన్న ఇంటి ముందు వ్యాను ఆగేసరికి అతని భార్య సత్తెమ్మ గడపలో కూర్చుని ముక్కు చీదుతోంది. ఎదురుగా రెండు మేకపిల్లలు అరుస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం గుట్ట మీద మేస్తున్న వాటి తల్లి, నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క, ఉన్నట్టుండి మాయమైందట.

"ముప్పై ఒచ్చినయి, అదొక్కటే రాలే బిడ్డా. పిల్లలు రాత్రంత పాలకు ఏడ్చినయి," అంది సత్తెమ్మ.

స్వరూపకు దిగులు పట్టుకుంది. మేక కోసమే కాదు, చీటీ కోసం. గుహలోకి దిగేవాళ్లు ఎందరు, ఎన్ని గంటలకు బయటికి రావాలి, రాకపోతే ఎవరికి ఫోను చేయాలి అని రాసి పైన ఒక మనిషి చేతిలో పెట్టకుండా ఎవరూ దిగకూడదన్నది క్లబ్బు మొదటి నియమం. మూడేళ్లుగా ఆ మనిషి సత్తెమ్మే. గుహకు దారి కూడా వాళ్ల చేను మీదుగానే.

"నా చుక్క దొరికేదాక మీ చీటీ నేను పట్టుకోను," అని సత్తెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు లోపట్నే ఉండిపోయినా నాకు తెల్వదు."

"తల్లీ, భయపడకు," అని గంభీరంగా ముందుకొచ్చాడు జితేందర్. "ఇది మామూలు మిస్సింగ్ కేసు కాదు. పకడ్బందీ కిడ్నాప్. బాలన్నా, శత్రువులెవరన్న ఉన్నరా?"

"మాకా, మేకకా సారు?"

"మేకకే."

బాలన్న గడ్డం గోక్కున్నాడు. "ఉన్నడు. మా పక్క చేను మాసయ్య. మొన్న బీరపాదు మేసిందని దాన్ని నా ముంగటనే తిట్టిండు."

"ఏమని?"

"వద్దులే సారు. ఆడోళ్లున్నరు."

జితేందర్ భూతద్దం తీశాడు. నేల మీద బోర్లా పడుకుని, పాకి, ఏదో ఏరి ప్లాస్టిక్ కవరులో వేశాడు. లేచి నిలబడి కవరును వెలుతురుకు పట్టాడు.

"నల్లటి గుళికలు. గుండ్రంగున్నయి. అన్నీ ఒకటే సైజు. ఇది ఫ్యాక్టరీ సరుకు. దీని వెనక పెద్ద తలకాయలున్నయి." ఒకటి తీసి వాసన చూశాడు. "స్వరూపా, ఇది మత్తుమందు."

"మేక పెంటికలు సారు," అంది సత్తెమ్మ.

"అది నాక్కూడ తెలుసు. కాని ఏ మేకవి అన్నదే ప్రశ్న!" అని జితేందర్ గుళికను చాలా గౌరవంగా కవరులోకి జారవిడిచాడు.

అంతటితో ఆగితే అతను జితేందర్ ఎందుకవుతాడు? మిగతావాళ్లంతా చుక్క కోసం గుట్ట చుట్టూ చెట్టూ పుట్టా గాలిస్తుంటే, అతను వ్యానెక్కి క్లబ్బు సామాను గాలించాడు. అరగంటకు గుట్ట మీద బల్లపరుపు బండ ఎక్కి, ఈల ఊది అందర్నీ పిలిచాడు. స్వరూప వగరుస్తూ వెళ్లేసరికి బండ మీద వరుసగా పేర్చి ఉన్నాయి: వాళ్ల హెల్మెట్లు, వాళ్ల తాడు, షర్బతు కోసం తెచ్చిన రెండు డజన్ల నిమ్మకాయలు, నలభై పొట్లాల ఊదుబత్తులు.

"బాలన్నా! ఊదుబత్తులు. నిమ్మకాయలు. తాడు. తలకు టోపీలు. గుట్టల బొంద. పైగా ఒక మేక మాయం. ఇదంత కలిపితే ఏమైతది?"

బాలన్న ముఖం మెల్లగా మారింది. ఆ చుట్టుపక్కల ఏ గుట్టకైనా, పాత గుడికైనా రాత్రికి రాత్రే గోతులు పడటం అతనికి కొత్త కాదు. "గుప్తనిధులా?" అన్నాడు.

"నేనన్లే. నువ్వన్నవ్."

"బావా! నోరు మూస్కో!"

"చట్టానికి చుట్టరికం లేదు మరదలా."

"మూడేండ్లు నమ్మి మా చేను మీదికెల్లి తోవ ఇచ్చిన బిడ్డా," అన్నాడు బాలన్న. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. "నిధి కోసమని బలిచ్చిన్రా దాన్ని? నిజం చెప్పు."

"అన్నా, మీ ఇంట్ల అన్నం తిన్నోళ్లం. మేము గాలి కోసం ఒచ్చినం."

"గాలి కోసమా?" జితేందర్ నవ్వాడు. "గాలి కోసం గద్వాల నుంచి డీజిల్ పోసుకొని ఒస్తరా? గద్వాల గాలి ఏమాయె?"

నిజానికి క్లబ్బులో అందర్నీ ఇళ్లలో కూడా అదే అడుగుతారు.

"ఇగ మీరు పోండ్రి. మళ్ల రాకుండ్రి," అన్నాడు బాలన్న.

స్వరూపకు కళ్లు మండాయి. మూడేళ్లు. ఒక్క ప్రశ్నార్థకం. దాన్ని చెరపనీయకుండా అడ్డుపడింది వానలు కావు, సొంత బావే.

జితేందర్ మాత్రం తన జీవితంలోని మహా ఘట్టానికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ, నాటకీయంగా వెనక్కి నడవసాగాడు.

"నేరస్థుడు మన మధ్యనే ఉన్నడు. దూరంగ లేడు. చాన దగ్గర్ల ఉన్నడు. వాని పేరు..."

వెనకాల ముళ్లపొద. పొద వెనక ఏముందో పొదకే తెలియాలి.

"వాని పే..."

డిటెక్టివ్ మాయమయ్యాడు.

అందరూ పరుగెత్తారు. పొదను పక్కకు లాగితే రెండు బండల మధ్య ఒక చీలిక, అందులో ఛాతీ దాకా దిగి, పొట్ట దగ్గర బిరడాలా బిగుసుకుని జితేందర్. కళ్లజోడు మాత్రం చెక్కుచెదరలేదు. నెత్తి మీదే ఉంది.

"కాళ్లు కింద ఆనుతున్నయా?" అని అరిచింది స్వరూప.

"లే! గాలిల ఉన్నయి! స్వరూపా, కింద ముఠా ఉన్నది! ఎవడో నా కాలు పట్టిండు! ప్యాంటు గుంజుతుండు... అయ్యో, కొరుకుతుండు!"

కింద నుంచి ముఠా నాయకుడి గొంతు వినిపించింది.

"మే...!"

"నా చుక్క!" సత్తెమ్మ పెట్టిన ఆ కేకకు గుట్ట మీది పిట్టలన్నీ లేచాయి. "కదలకు సారు! తన్నకు దాన్ని!"

"నన్ను గుంజుండ్రి ముందు! కింది నుంచి చల్లగాలి ఒకటి, ప్యాంటుల జొరబడుతుంది!"

స్వరూప మోకాళ్ల మీద కూలబడి బావ ముఖం దగ్గర ముఖం పెట్టింది. "చల్లగాలా? గాలి కింది నుంచి పైకొస్తుందా? ఏ దిక్కుకెల్లి?"

"నాకేం తెల్సు దిక్కు!"

"జర చూసి చెప్పు బావా. ఎడమ కాలుకు ఎక్కువ తగులుతుందా, కుడి కాలుకా?"

"ఎడమ! ఎడమకే! ఓ తల్లీ, నన్ను తియ్యే!"

ఎడమంటే తూర్పు. గుహ అటే. స్వరూప దిక్సూచి తీసి కొలత రాసుకున్నాకే ఇస్రాయేలు తాడు విప్పాడు. సొరంగంలో బండరాళ్లు లాగిన చేతులు, అయినా జితేందర్‌కు తొమ్మిది మంది పట్టాల్సి వచ్చింది. బయటపడ్డ డిటెక్టివ్‌కు ప్యాంటు ఎడమ కాలు మోకాలి దాకా లేదు.

ఆ సందులోకి ఇస్రాయేలు నీళ్లలా జారిపోయాడు. పది నిమిషాల్లో చుక్క తాడు సంచిలో కూర్చుని, తల బయటపెట్టి, ప్యాంటు గుడ్డ నములుతూ పైకొచ్చింది. వెనకే ఇస్రాయేలు కేక: "చెల్లె! ఈడ పెద్ద అర్ర ఉన్నది! అవతల రాళ్ల కుప్ప!"

పిల్లలు పాలు తాగుతుంటే చూస్తూ బాలన్న ఒక నిమ్మకాయ తీసుకుని చేతిలో తిప్పాడు. "షర్బత్ చెయ్యి బిడ్డా. నోరు చేదైంది."

సత్తెమ్మ చెయ్యి చాచింది. "తే నీ చీటీ. ఎన్ని గంటలకొస్తరు?"

"మూడింటికి సత్తెమ్మక్కా."

"మూడు దాటితే ఊరంతా లేపుత."

మధ్యాహ్నం ఒంటిగంటకు గుహ చివర రాళ్ల కుప్ప ముందు స్వరూప నలభై పొట్లాలూ వెలిగించింది. పొగ సందుల్లోకి పాయలు పాయలుగా పోయింది. చాలాసేపటికి, రాళ్లకు అవతల, ఎంతో దూరం నుంచి సన్నగా, పైన చీలిక దగ్గర కూర్చున్న సత్తెమ్మ గొంతు: "వాసనొస్తుందే బిడ్డా...! గుళ్ల ఉన్నట్టున్నది!"

స్వరూప అక్కడే బురదలో కూర్చుని నవ్వింది. కళ్లు పొగకే మండాయని తరువాత అందరికీ చెప్పింది.

తిరుగు ప్రయాణంలో జితేందర్, ఇస్రాయేలు లుంగీ చుట్టుకుని, క్లబ్బు ఆనవాయితీ ఒకటి గుర్తుచేశాడు. కొత్త అరలో మొదట కాలు పెట్టినవాళ్ల పేరే దానికి పెట్టాలి కదా?

"నీ కాలు గాలిల ఉండె సారు," అన్నాడు ఇస్రాయేలు. "మొదలు కాలు పెట్టింది చుక్క. అదీ నాలుగు పెట్టింది."

"కేసు తేల్చింది నేను! నేరస్థుడు మన దగ్గర్లనే ఉన్నడని చెప్పిన్నా లేదా? సరిగ్గ కాళ్ల కిందనే ఉండె!"

"నీ పేరు గూడ పెడుత బావా," అని మాటిచ్చింది స్వరూప.

పెట్టింది. ఇప్పుడు వనపర్తి జిరాక్స్ షాపులో కౌంటర్ వెనక గోడకు ఆ గుహ పటం ఫ్రేము కట్టి వేలాడుతోంది. ప్రశ్నార్థకం ఉన్న చోట 'చుక్క అర' అని ఉంది. దాని నెత్తిన చిన్న గీత దగ్గర, 'జితేందర్ ఇరుకు'. తన పేరు పటాలకెక్కిందని ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన ప్రతి మనిషికీ చూపిస్తాడు డిటెక్టివ్. కళ్లజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉంటుంది కాబట్టి, ఆ పేరు కింద సన్నటి అక్షరాల్లో మరదలు రాసింది అతనింకా చదవలేదు.

'వెడల్పు: జానెడున్నర. మొదట దాటింది: మేక. ఇంకా దాటనిది: జితేందర్.'