ఇద్దరికి చాయ్

ఆ సోమవారం పొద్దున వెస్లీ తన బతుకును తనకు నచ్చినట్టు దిద్దుకోవాలని నిర్ణయించుకున్నాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లుగా పంపు నడుపుతున్నాడు. యాభై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. బాయిలో పని తగ్గి కాలనీ సగం ఖాళీ అయింది. ఆయన వరుసలో ఇప్పుడు లైటు వెలిగే ఇళ్లు రెండే. ఒకటి ఆయనది, పక్కది బడిలో ఆయాగా పనిచేసే రిబ్కమ్మది. ఆమె భర్త పోయి ఆరేళ్లు. ఎదురుపడితే ఇద్దరి మధ్య "బాగున్నరా" అన్న ఒక్క మాటే.

కోరుకున్న బతుకును కాగితం మీద రాసుకోమని, అది వచ్చేసినట్టే ఈ రోజు నుంచి నడుచుకోమని ఫోనులో చూసిన వీడియోలో ఎవరో చెప్పారు. వెస్లీ నాలుగు ముక్కలు రాసి బీరువాకు అంటించాడు. డ్యూటీ దిగి బజారులో ఇంకో కప్పు, ఇంకో కుర్చీ కొన్నాడు. సాయంత్రం రెండు కప్పుల్లో చాయ్ పోసి, ఎదుటి కుర్చీతో, "ఇగో, తాగు. చక్కెర సాల్తదా?" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సిగ్గుపడి రెండో చాయ్ కూడా తానే తాగేశాడు.

బుధవారానికి, వెస్లీ ఇంట్లో ఆడమనిషి ఉందని, దగ్గు కూడా వినిపించిందని రిబ్కమ్మ చర్చిలో స్త్రీల కూడికలో చెప్పింది. గురువారానికి ఆ ఆడమనిషిది మంచిర్యాల అయింది. శుక్రవారానికి ఆమెకు విడాకులు కూడా అయ్యాయి.

శనివారం చర్చి పాస్టరు కరుణాకర్ అయ్యగారు, సంఘపెద్ద మల్లేష్ వచ్చి కూర్చున్నారు.

"దాపరికమెందుకు వెస్లీ? గీ వయసుల తోడు కావాలె. గానీ, పెండ్లి కాకుండ ఇంట్ల పెట్టుకుంటె నలుగురేమంటరు?" అన్నారు అయ్యగారు.

"ఎవ్వరు లేరు అయ్యగారూ..."

"ఇప్పుడు లేకుంటె రేపు వస్తది గదా," అన్నాడు మల్లేష్.

వెస్లీ నిజం చెప్పబోయాడు. కానీ ఆ ఇంట్లో మనుషులు కూర్చుని మాట్లాడి ఎన్నేళ్లయిందో! చెబితే లేచిపోతారు. "ముందుగాల చాయ్ తాగుండ్రి," అన్నాడు. వాళ్లు గంటసేపు కూర్చున్నారు. వెళ్తూ మల్లేష్, "రేపు ఆరాధన కాంగనే బిర్యానీ తోని వస్తం. ఆమెను చూసినట్టుంటది," అన్నాడు.

ఆదివారం ముప్పై మంది వచ్చారు. బిర్యానీ గంజుతో పాటు చీర కూడా తెచ్చారు. వంటింట్లో చూశారు, పెరట్లో చూశారు, ఒకావిడ వంగి మంచం కిందా చూసింది. ఇక లాభం లేదని వెస్లీ బీరువా మీది కాగితం పీకి అయ్యగారి చేతిలో పెట్టాడు. ఆయన గట్టిగా చదివారు.

"పొద్దుగూకంగనే ఇద్దరం చాయ్ తాగుడు. దినం ఎట్ల పోయిందో చెప్పుకొనుడు. ఒకరు దగ్గితె ఒకరు నీళ్లిచ్చుడు. తొమ్మిదింటికి పండుకొనుడు." ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు. "ఇంతేనా?"

"ఇంతే. మనిషి లేదు అయ్యగారూ. కుర్చీతోని మాట్లాడిన."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది వెస్లీకి. మల్లేష్‌కు మాత్రం కోపమొచ్చింది.

"రిబ్కమ్మా, ఆడమనిషి దగ్గు విన్ననంటివి గదా?"

"ఆయన దగ్గే గావచ్చు. పొద్దుగాల గట్టిగ దగ్గుతడు, పండుకునే ముంగట సన్నగ దగ్గుతడు."

"గోడకు చెవి ఆనిచ్చి ఎన్ని దినాల సంది వింటున్నవమ్మా?" అని అడిగారు అయ్యగారు.

"ఆరేండ్ల సంది," అనేసింది రిబ్కమ్మ.

ముప్పై తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఒక్కదాన్నే ఉంట గదా అయ్యగారూ. ఆయన గడియ పెట్టిన సప్పుడు వింటెనే నాకు నిద్ర పడ్తది. గీ వారం మాటలు వినవడ్డయి. ఎవరో వచ్చిన్రని... జర పరేషానైన."

ఆమె పాత్రలు తోమే చప్పుడు ఆగేదాకా తానూ పడుకోనని వెస్లీ చెప్పాలనుకున్నాడు. కానీ అంతమంది ముందు చెప్పుకునే మాట కాదది. అన్నం చల్లారుతోందని అయ్యగారు ప్రార్థన తొందరగా ముగించారు. అందరి చూపులు తట్టుకోలేక రిబ్కమ్మ గరిటె అందుకుని వడ్డనకు దిగింది.

వెస్లీ పళ్లెంలో ఆమె ఎన్ని మాంసం ముక్కలు వేసిందో సాయంత్రానికల్లా కాలనీ అంతా తెలిసిపోయింది.