బావ సెలూన్‌లో పొదుపు ఉద్యమం

చిన్న వ్యాపారాలను బతికిస్తున్నది ఎవరు? కస్టమర్లా? కానే కాదు! ఫోన్‌లో ఉచితంగా ఆర్థిక పాఠాలు చెప్పే గురువులు. వాళ్లు మనకు దొరికిన వరం. నమ్మకపోతే మా బావ సెలూన్ కథలోకి రండి. కాకపోతే టార్చి తెచ్చుకోండి.

పాపం, సెలూన్ నష్టాల్లో పడింది. నెలాఖరుకి అద్దె కట్టకపోతే ఖాళీ చేయమని ఓనర్ చెప్పేశాడు. అక్క దిగులుతో సగమైపోయింది. బావ మాత్రం ధైర్యంగా ఫోన్ తెరిచాడు. అనవసరపు ఖర్చులు తగ్గించమన్నాడు గురువు.

ముందు లైట్లు తీసేశాడు. పాతికేళ్ల అనుభవం, చీకట్లోనైనా చెయ్యి అలవాటు మీద పోదా? పోయింది! దాంతోపాటు ఒక పెద్దమనిషి మీసం కూడా పోయింది.

తర్వాత, పని చేయని ఆస్తులు అమ్మేయమని పాఠం వచ్చింది. బావ షాపంతా కలియజూశాడు. పొద్దస్తమానం గోడకి ఆనుకుని ఏ పనీ చేయనిది అద్దమొక్కటే. అమ్మేశాడు! అద్దం లేకపోతే ఫిర్యాదులూ ఉండవు. ఏం జరిగిందో కస్టమర్‌కి ఇంటికెళ్లాక భార్య చెబుతుంది.

ఇక వాయిదాల కటింగ్ సంగతి చెప్పాలి. ఎడమవైపు ఈ వారం, కుడివైపు వచ్చే వారం. వచ్చినవాడు మళ్లీ రాక చస్తాడా? ఒక బ్యాంకు మేనేజరు వారమంతా సగం గడ్డంతో ఆఫీసుకి వెళ్లాడు. తిరిగి మాత్రం రాలేదు.

ఇంత చేసినా గల్లాపెట్టె ఖాళీ! ఎందుకో గురువులకే అంతుపట్టలేదు.

అప్పుడు అక్క గల్లాపెట్టె పక్కనే కుర్చీ వేసుకుని ఒక రోజంతా కూర్చుంది. వీడియోలు చూడలేదు, వచ్చేపోయేవాళ్లను చూసింది. బావ తమ్ముడు పెట్రోలుకని పెట్టెలో చెయ్యి పెట్టాడు. పెదనాన్న గడ్డం గీయించుకుని, మందులకని కాస్త తీసుకున్నాడు. మధ్యాహ్నం నేను వెళ్లాను. ఎప్పటిలాగే కటింగ్, షేవింగ్, తలకి నూనె, ఆపైన ఆటోకి చిల్లర. సొంత తమ్ముణ్ని కదా!

"ఏరా, డబ్బులు?" అంది అక్క.

"నేనేమన్నా కస్టమర్నా అక్కా?"

"కాదు కాబట్టే అడుగుతున్నా. కస్టమర్లు అడక్కుండానే ఇస్తారు."

సాయం కోసం బావ వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ దువ్వెన కడుగుతున్నాడు.

పాఠకులారా, మీరే చెప్పండి! లైట్లు తీసేస్తే ఓర్చుకున్నాను. అద్దం అమ్మితే మెచ్చుకున్నాను. కానీ ఇదేం పొదుపు? ఏ గురువైనా ఇంత దారుణమైన పాఠం చెప్పాడా? మనిషికి ఆర్థిక అవగాహన ఉండాల్సిందే, కానీ అది చుట్టాల దాకా రావచ్చా?

ఆ నెల అద్దె కట్టేశారట. లైట్లు వెలుగుతున్నాయట. కొత్త అద్దం కూడా వచ్చిందట. అక్క ముఖం కళకళలాడుతోందట. ఇన్ని 'అట'లు ఎందుకంటే, నేను అటు వెళ్లడం మానేశాను.

మా పిన్ని కొడుకు కొత్తగా ఇస్త్రీ షాపు పెట్టాడు. వాడికి లెక్కాపత్రం బొత్తిగా పట్టదని తెలిసింది. ప్రస్తుతం బట్టలు మూట కట్టుకునే పనిలో ఉన్నాను.