ఎడమ చెంప కోసం ప్రార్థన

మీరే చెప్పండి, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి చూపించి, "మీ నాన్నగారా అమ్మా?" అని పెళ్ళాన్ని అడిగితే ఏ మగాడికి ఒళ్ళు మండదు?

అడిగింది కృపమ్మగారు. కూతుర్ని చూడ్డానికి కొత్తగా బహ్రెయిన్ వచ్చిన పెద్దావిడ. శుక్రవారం మనామాలో మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆరాధన అయ్యాక, బిర్యానీ పొట్లాలు పంచే చోట, నలుగురిలో నిలబడి అడిగింది. "కాదండీ, మా ఆయన" అని మా రోజీ చెప్పాలా వద్దా? నవ్వు ఆగితే కదా చెప్పడానికి! ఈలోగా ఆవిడ పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. నాకు తిండి సహించలేదు. నా కోడిగుడ్డు మా బావమరిది ఫిన్నీ తిన్నాడు.

అసలు ఈ యెషయా మొహానికి ఏం తక్కువ? కుడి పక్కనుంచి చూస్తే ఏమీ తక్కువ లేదు. చిక్కంతా ఎడమ పక్కనే. నేను కంపెనీ బస్సు డ్రైవర్ని. నయీమ్ నుంచి మామీర్‌కి పొద్దున్నే జనాన్ని దింపి, సాయంత్రం వెనక్కి తేవడం నా డ్యూటీ. ఈ దేశంలో స్టీరింగు ఎడమ వైపు, డ్రైవర్ కిటికీ కూడా ఎడమ వైపే. పదేళ్ళ ఎండంతా నా ఎడమ చెంప ఒక్కటే మోసింది. కుడి చెంప ఇంకా పెళ్ళినాటి రంగులోనే ఉంది. కృపమ్మగారు చూసింది ఎడమ చెంపని.

పోనీలే అని ఊరుకుందామంటే, వచ్చే శుక్రవారం ఇరవై ఏళ్ళు నిండిన జంటలకి ఫోటో తీస్తారు. దాన్ని పెద్దది చేసి హాలు గోడకి తగిలిస్తారు. అంటే నన్ను మామగార్ని చేసి ఏడాది పొడుగునా గోడకి వేలాడదీస్తారన్నమాట.

"ఫిన్నీ వెళ్ళే సెలూన్‌కి వెళ్ళి ఒక ఫేషియల్ చేయించుకోండి" అంది రోజీ.

ఈ ఫిన్నీ నెలనెలా ఫేషియల్ చేయించుకుంటాడు. కనుబొమ్మలు కూడా సరిచేయించుకుంటాడు. పోయిన నెల సహవాసంలో అందరి ముందూ వాడికి 'పెళ్ళికూతురు ఫిన్నీ' అని పేరు పెట్టాను. ఇప్పుడు చంటిపిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. తప్పయిందని వాడికి చెప్పమని రోజీ అప్పట్నుంచీ నా ప్రాణం తీస్తోంది.

"మగాడన్నవాడు మొహానికి గుజ్జులు పూయించుకుంటాడా? సిగ్గుండాలి!" అన్నాను.

"మరి మీసానికి రంగు వేసుకుంటున్నదెవరండీ? మనింట్లో ఇంకో మగాడు ఉన్నాడా?"

"మీసం సంగతి వేరు. అది మగాడికి ఉండాల్సిందే. ఉన్నదానికి రంగేసుకుంటే తప్పేంటి?"

"మొహం ఉండక్కర్లేదా?"

"నాతో వాదించకు!"

"పౌడరు డబ్బా తెచ్చిన వారానికే ఖాళీ అవుతోంది. అదీ మీసానికేనా?"

"చెమటకి!"

"మీకు మొహానికే చెమట పడుతుందా?"

రోజీ ఆడవాళ్ళ సెలూన్‌లో పని చేస్తుంది. మొహాల గురించి దాంతో వాదన పెట్టుకోకూడదని ఇరవై ఏళ్ళయినా నా బుర్రకెక్కలేదు.

గురువారం సాయంత్రం బస్సు అప్పగించేసి, తెలిసినవాళ్ళెవరూ కనబడరని జుఫైర్ వెళ్ళాను. అక్కడొక మగవాళ్ళ సెలూన్‌లో దొంగలా దూరాను. లోపల మనిషి పడుకునేంత పెట్టె ఒకటి ఉంది. మూతెత్తితే అంతా నీలం లైట్లే. దానికోసం నలుగురు మగాళ్ళు వరసలో కూర్చున్నారు. నలుగురూ తెల్లవాళ్ళే. ఇంకేం సాక్ష్యం కావాలి? ఇందులో పడుకునే కదా అంత తెల్లగా అయ్యారు!

నవ్వకండి. డబ్బిచ్చి మరీ నల్లబడేవాళ్ళు ఈ లోకంలో ఉంటారని మీకైతే తోస్తుందా? చిన్నప్పుడు ఎండలో ఆడితే నల్లబడిపోతామని మా అమ్మ చీపురు పట్టుకుని ఇంట్లోకి తరిమేది. ఆ చీపురు దెబ్బలు తిన్నవాడికి ఇంకోలా ఎలా తోస్తుంది?

మిషన్ దగ్గరున్న ఫిలిప్పీన్స్ ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకా?" అని హిందీలో అడిగాడు. నాకు మండిపోయింది. ఏం, డ్రైవర్ తెల్లబడకూడదా? "నాకే! యల్లా, కానివ్వు!" అన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ యల్లా అన్నాను. ఇక ఆయన కళ్ళకి మాత్రమే సరిపోయే చిన్న నల్ల కళ్ళజోడు ఇచ్చి పెట్టెలోకి దారి చూపించాడు.

పడుకున్నాక నా బుర్ర పని చేసింది. రెండు చెంపలూ కలిసి తెల్లబడితే తేడా అలాగే ఉంటుంది కదా! అందుకని కుడి సగాన్ని తువ్వాలుతో గట్టిగా కప్పేసి, ఎడమ సగాన్ని లైట్లకి అప్పగించాను. చెంప వెచ్చబడింది. తెల్లదనం ఎక్కుతోందని సంతోషించాను.

శుక్రవారం పొద్దున్నే అద్దంలో చూసుకుని కెవ్వుమన్నాను. ఎడమ చెంప మాడిన అట్టులా ఉంది. ముక్కు మీదుగా గీత గీసినట్టు సరిహద్దు. ఎడమ కంటి చుట్టూ మాత్రం రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ.

రోజీ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమైందండీ?"

"ఎండ. డ్యూటీలో."

"రాత్రికి రాత్రేనా?"

"బహ్రెయిన్ ఎండ మరి!"

"కంటి చుట్టూ గుండ్రంగా వదిలేసిందేం?"

"కన్ను మూసుకున్నాను."

"బస్సు నడుపుతూనా?"

నా దగ్గరున్న అబద్ధాలు అక్కడికి అయిపోయాయి. రోజీ గుండెల మీద చెయ్యేసుకుని, "అయితే ఇదేదో జబ్బేనండీ. మీరు మొహానికి ఏదైనా చేయించుకునే మనిషి కూడా కాదాయె!" అంది. ఎంత అమాయకంగా అందనుకున్నారు!

ఆరాధనలో ప్రార్థన విన్నపాల సమయం వచ్చింది. రోజీ లేచి నిలబడింది.

"మా ఆయన ఎడమ చెంప కోసం ప్రార్థన చెయ్యండయ్యగారూ. రాత్రికి రాత్రే నల్లబడిపోయింది. ఏం జబ్బో తెలీక భయంగా ఉంది."

హాలంతా నా వైపు తిరిగింది. పాస్టరుగారు నన్ను ముందుకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రార్థన చేసి రాయడానికి నూనె సీసా తెప్పించారు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఎప్పట్నుంచి బ్రదర్ యెషయా?" అంటూ ఆయన నా చెంప మీద చెయ్యి వేశారు. పెళ్ళాంతో ఎన్ని అబద్ధాలైనా ఆడతాను గానీ, అబద్ధానికి ప్రార్థన చేయించుకునే ధైర్యం నాకు లేదు.

"ఆగండయ్యగారూ! ఇది జబ్బు కాదు. మిషన్!"

అంతా చెప్పేశాను. తువ్వాలుతో సహా చెప్పాను. కళ్ళు తుడుచుకున్న ఆడవాళ్ళే మళ్ళీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు సీసాకి మూత పెట్టడానికి అటు తిరిగారు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

ఫిన్నీ ఒక్కడే నవ్వలేదు. నవ్వినా బాగుండేది. దగ్గరికొచ్చి, "పద బావా, ఫోటోకి ఇంకా టైముంది. సరిచేద్దాం" అన్నాడు.

"ఒరే ఫిన్నీ, నిన్ను పెళ్ళికూతురన్నందుకు తప్పయిపోయిందిరా" అన్నాను, అందరూ వింటుండగానే. నిజంగానే సిగ్గేసింది నాకు.

పక్క గదిలో కూర్చోబెట్టారు. రోజీ సంచిలోంచి బ్రష్షులూ డబ్బాలూ బయటికొచ్చాయి. అన్నీ ముందే సర్దుకొచ్చింది!

"అంటే నీకు తెలుసా?"

"కళ్ళజోడు మచ్చ చూస్తే తెలీదేంటండీ? మా సెలూన్‌లోనూ ఉంది ఆ మిషన్."

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"చెప్తే మా తమ్ముడికి తప్పయిందని చెప్పేవారా? కళ్ళు మూసుకోండి."

మూసుకున్నాను. ఫిన్నీ గడ్డం పట్టుకున్నాడు, రోజీ రంగు పూసింది. అచ్చం పెళ్ళికూతురిలాగే కూర్చున్నాను. ఫోటో దిగాం.

అప్పుడు వచ్చింది కృపమ్మగారు. కూతురి డ్యూటీ అయ్యేసరికి ఆలస్యమైందట, జరిగిందేదీ ఆవిడకి తెలీదు. మా ఇద్దర్నీ చూసి, "మీ ఆయనా అమ్మా? ముచ్చటగా ఉన్నారు" అని నా బుగ్గలు నిమిరింది. తర్వాత అటూ ఇటూ వెతికింది.

"మీ నాన్నగారు రాలేదేం?"

నేను నోరు తెరిచాను. రోజీ నా కాలు తొక్కింది.

"ఆయనకి ఈ వారం డ్యూటీ అండీ."

"పాపం, మొహం బాగా వాడిపోయిందమ్మా ఆయనకి. కాస్త శ్రద్ధ తీసుకోమను. మీ ఆయన్ని చూసి నేర్చుకోమను."

"చెప్తానండీ" అంది రోజీ, నా వైపు చూడకుండా.